రైల్వే గేటు దాకా

ఆ రోజు పొద్దున మహమూదా చేయవలసిన పని ఒక్కటే. సాయంత్రం పరుగు బడి మైదానంలో కాదని, రైల్వే గేటు దాకా రోడ్డు మీదేనని తండ్రికి చెప్పాలి. తర్లుపాడు బజారులో బట్టలు కుట్టే కాలేషా, మైదానం దాటకూడదన్న షరతు మీదే కూతుర్ని పరుగుకు పంపుతున్నాడు. కానీ వానకు మైదానమంతా బురదైంది. మహమూదా రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ మూసుకుని బడికి పోయింది. హాజరు పిలిస్తే పలికినా అయ్యవార్లకు వినపడక ఆబ్సెంటు పడే పిల్ల ఆమె.

బడి వదిలాక హైమావతి టీచరు ఈల ఊదగానే ఇరవై మంది ఆడపిల్లలు బడి గేటు దాటారు. అందరికంటే ముందు మహమూదా. టీకొట్టు పిచ్చయ్య కేకేశాడు.

"ఏందమ్మా, అట్ల ఉరుకుతుండావు? ఏమైంది?"

మహమూదా మిగతావాళ్లు వస్తున్నారన్నట్టు వెనక్కి చెయ్యి చూపించి సాగిపోయింది. పిచ్చయ్య అటు చూశాడు. పిల్లలంతా పరుగు. వాళ్ల వెనక ఈల ఊదుకుంటూ టీచరు.

"బడికాడ ఏందో అయింది!" అన్నాడు ఆటో పోలయ్యతో. "బడి గోడ కూలిందంట" అని పోలయ్య బజారులో చెప్పాడు. ఆ మాట కాలేషా దుకాణం చేరేసరికి ఆ గోడ కింద పిల్లలు కూడా పడ్డారు. మెడలో టేపుతో, కాళ్లకు చెప్పుల్లేకుండా అతను పరుగెత్తాడు. వెనకే బజారంతా.

బడి గోడలు నిక్షేపంగా ఉన్నాయి. ఆయా ఇందిరమ్మ వరండా ఊడుస్తోంది.

"పిల్లోళ్లేరమ్మా?" అన్నాడు కాలేషా.

"అందరూ ఉరికిపోయినారు."

కూతురు ఎటు పోయిందో తెలియక కాలేషా బడి గేటు దగ్గర మట్టిలో కూలబడ్డాడు.

తిరిగొచ్చిన పిల్లలకు ఊరు ఊరంతా ఎదురైంది. జనం టీచరు మీద పడ్డారు. "ఆడపిల్లలకు ఈ పరుగులేంది? ఇయ్యాల్టితో ఆపేయండి!" ఆమె జవాబు ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మహమూదా మట్టిలో కూర్చున్న తండ్రిని చూసింది. టీచరు కళ్లలో నీళ్లు చూసింది. వరండా మెట్టెక్కింది.

"ఎవురికీ ఏం కాలేదు!"

జనం అటు తిరిగారు.

"తప్పు నాది. మా నాయనకు చెప్పలేదు. పిచ్చయ్య మామ అడిగినా చెప్పలేదు. టీచర్ని ఏమనొద్దు. మేం రేపు కూడా ఉరుకుతాం!"

పోలయ్య రొప్పుతూ అన్నాడు. "రేపట్నుంచి మాన్పించు, కాలేషా."

కాలేషా కళ్లు తుడుచుకుని లేచాడు. "పదమూడేండ్లకు దీని గొంతు విన్నా. ఎట్ల మాన్పిస్తా, పోలన్నా?"

బజారు నుంచి ఉరికొచ్చిన జనమంతా ఇంకా రొప్పుతూనే ఉన్నారు. అంత జనంలో ఆయాసం లేకుండా మాట్లాడగలిగింది ఆ పిల్ల ఒక్కతే.