బంగారి ప్రయాణ సుముఖత

మానవజాతి సాధించిన ప్రగతిలో చక్రం మొదటిదనీ, ఆ చక్రం మీద కూర్చోవడానికి పెట్టుకోవలసిన దరఖాస్తు రెండవదనీ విజ్ఞులందరూ ఒప్పుకున్నదే. వీటిపైన మూడవ మెట్టు ఒకటుంది. ప్రయాణం చేసే ప్రాణికి ఆ ప్రయాణం ఇష్టమా కాదా అని విచారించి, ఇష్టం లేకపోతే ఇష్టపడేదాకా తర్ఫీదు ఇవ్వడం. ఈ మెట్టును ఎక్కిన ఘనత ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య రోజుకు రెండు మార్లు తిరిగే శ్రీ గజగౌరి మోటారు సర్వీసుది. ఎక్కించినది ఒక పిల్లిపిల్లను. అది పందొమ్మిది వందల యాభై నాలుగు. కర్నూలు కొత్తగా రాజధాని అయింది. రాజధాని దగ్గరికి వచ్చేసరికి చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ కాగితం మీద భక్తి పెరిగింది. (మోటారు సర్వీసు సర్కారుది కాదు. కానీ భక్తి అంటువ్యాధి.)

కథ మొదలైంది మాత్రం ఎలుకతో.

ఎమ్మిగనూరులో నరసప్ప అనే నేతగాడు ముప్పై ఏళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని ఊరందరికీ బట్ట నేశాడు. పెండ్లికూతుళ్ళకు నేశాడు, బాలింతలకు నేశాడు, ఎవరో మొక్కుకుంటే మంత్రాలయానికి పంచెల చాపు నేసిచ్చాడు. భార్య శ్రీశైలమ్మకు మాత్రం ఒక్క చీర నేయలేదు. ఆమె ఈ సంగతి ముప్పై ఏళ్ళలో ఒక్కసారే ఎత్తింది. అదీ నూలు కండెలు చుడుతూ, గోడతో అన్నట్టు అంది.

"ఊరందరికీ నేసే సేతికి ఇంట్లో మనిషి కనపడల్యా."

ఆ మాట నరసప్పకు అన్నం సహించనివ్వలేదు. వంగపండు రంగు నూలు సంపాదించాడు. ఆవపువ్వు రంగు అంచు పెట్టాడు. పడుగు పోగులు నిలువునా సాగదీసి, గంజి పట్టించి, మగ్గానికి ఎక్కించి ముందు కొంగు నేశాడు. మూడు మూరల కొంగు. అంత మంచి కొంగు తన చేతి కింద ఎన్నడూ రాలేదని అతనికే తెలిసిపోయింది. శ్రీశైలమ్మ రోజూ ఏదో ఒక వంకతో మగ్గం పక్కగా వచ్చి, వేలితో ఒకసారి తాకి పోయేది.

గంజి పట్టించిన పడుగంటే ఎలుకలకు వండి వడ్డించిన విస్తరి. నాలుగో రోజు పొద్దున లేచేసరికి పడుగులో ఇరవై పోగులు తెగి ఉన్నాయి. నరసప్ప ఓపిగ్గా ముడులేశాడు. మర్నాడు నలభై. మందు పెడితే తినలేదు, బోను పెడితే చూసి నవ్వుకున్నట్టున్నాయి. వీధిలోని పిల్లులన్నీ ఎప్పుడో పాడి ఉన్న ఇళ్ళు చూసుకుని స్థిరపడ్డాయి.

అప్పుడు ఆదోని నుంచి అతని అక్క సుంకులమ్మ కబురు పంపింది. ఆమె ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో పత్తి ఏరే పని చేసేది. అక్కడ గింజల గోదాములో పేరు మోసిన పిల్లి ఒకటి ఈనిందనీ, ఆ తల్లి ఉన్నచోట ఎలుక తోక కూడా కనపడదనీ, పిల్లల్లో ఒకటి తీసిపెట్టాననీ ఆ కబురు. నరసప్ప ఎగిరి గంతేసి ఆదోని పోయాడు. పసుపు, తెలుపు కలిసిన పిల్ల. కళ్ళు రెండూ వెలిగిపోతున్నాయి. బుట్టలో పెట్టి, మీద గుడ్డ కప్పి, మధ్యాహ్నం బస్సెక్కాడు.

బస్సు ఊరు దాటకముందే బుట్టలో నుంచి "మ్యావ్" అని వినిపించింది. డ్రైవరు లక్ష్మప్ప బ్రేకు తొక్కాడు.

లక్ష్మప్ప పిల్లి ఎదురొస్తే బస్సాపి, బీడీ ముట్టించి, అది పూర్తయ్యాక గానీ కదలని మనిషి. ఆ నిష్ఠ వల్లనే పన్నెండేళ్ళలో ఒక్క ప్రమాదమూ జరగలేదని అతని నమ్మకం. (ఏనాడూ వేళకు చేరలేదన్నది ప్రమాదాల లెక్కలోకి రాదు.) ఇప్పుడు పిల్లి ఎదురు రాలేదు, అడ్డం పోలేదు, వెనకనే కూర్చుని ఉంది.

"ఎదురొస్తే ఆగి పోవచ్చు. లోపలుంటే ఎంతసేపని ఆగల్ల? నేను నడపను సామీ, దింపండి," అన్నాడు.

బస్సులో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. పిల్లి మనతో పాటే వస్తోంది గనుక శకునం కాదని ఒక పక్షం. బస్సు కదిలినంతసేపూ అది దారిని అడ్డగిస్తున్నట్టేనని రెండో పక్షం. వాదన ముగియకముందే బస్సు వెనక్కి తిరిగి ఆదోని స్టాండుకు చేరింది.

అక్కడ ఏజెంటు మహానంది ఉన్నాడు. గజగౌరి సర్వీసుకు యజమాని ఎక్కడో బళ్ళారిలో ఉండేవాడు. ఆదోనిలో చట్టం, ధర్మం, టిక్కెట్ల పుస్తకం మూడూ మహానందే. అతను కళ్ళజోడు తుడుచుకుని నిబంధనల పుస్తకం తీశాడు.

"కోడి సామాను. మేక సగం మనిషి. పిల్లి..." పేజీలు తిప్పాడు. "పిల్లి లేదప్పా."

"లేదంటే ఎక్కొచ్చనే కదా సామీ?" అన్నాడు నరసప్ప ఆశగా.

మహానంది అతన్ని జాలిగా చూశాడు. "లేదంటే లేదని. బళ్ళారికి రాస్తాను. జవాబు రానీ."

పిల్లి మళ్ళీ సుంకులమ్మ దగ్గరికి చేరింది. జవాబు పదకొండు రోజులకు వచ్చింది. ఎంతో లోతుగా ఆలోచించి రాసిన జవాబు. బలవంతంగా తేబడిన పిల్లి అపశకునం. తన ఇష్టంతో వచ్చే పిల్లి ప్రయాణికుడు. కావున సదరు పిల్లికి ప్రయాణమంటే ఇష్టం కలిగేలా తర్ఫీదు ఇప్పించి, 'ప్రయాణ సుముఖతా పత్రం' మంజూరు చేసిన పిమ్మట ఎక్కించుకోవలసినది. (మనుషుల సుముఖత గురించి సంస్థ ఇంతవరకు విచారించలేదు. విచారించి ఉంటే బస్సు ఖాళీగా తిరిగేది.)

ఎడ్లబండిలో తెచ్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. శ్రీశైలమ్మ కూడా అదే అడిగింది.

"బండిలో తెస్తే దొంగతనంగా తెచ్చినట్ల గాదా? కాగితం వస్తాదంటాండారు గదా!" అన్నాడు నరసప్ప. అతని జన్మలో అతని పేరు మీద కాగితం ఒక్కటీ రాలేదు. ఆ మాట వినగానే శ్రీశైలమ్మకు సగం సంగతి అర్థమైపోయింది. మిగతా సగం దేవుడికి వదిలేసి పోగులు ముడేయడానికి కూర్చుంది.

దరఖాస్తులో పిల్లి పేరు అడిగారు. "బంగారి" అని చెప్పాడు. తండ్రి పేరు అడిగారు.

"గోదాములో అడిగితే సిగ్గుగా ఉంటాది సామీ," అంది వెంట వచ్చిన సుంకులమ్మ.

మహానంది 'విచారణలో ఉన్నది' అని రాసుకున్నాడు.

తర్ఫీదు నాలుగు మెట్లు. మొదటిది, ఆగి ఉన్న బస్సులో ఏడు దినాలు కూర్చోవడం. రెండవది, ఇంజను నడుస్తుండగా కూర్చోవడం. మూడవది, ఊరి పొలిమేర దాకా పోయి రావడం. నాలుగవది, సగం దారిలో టీ కొట్టు దగ్గర దింపి షికారు తిప్పి, పిలవకుండా తనంతట తాను మళ్ళీ బస్సెక్కేలా చేయడం. ప్రతి మెట్టు దగ్గరా పిల్లికి పాలు. పోషకుడు స్వయంగా హాజరు కావాలి. నరసప్ప రోజూ పొద్దున బస్సుకు ఆదోని పోయి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాడు. మగ్గం పగలంతా ఊరికే ఉండేది. ఎలుకలు దాన్ని ఊరికే ఉండనివ్వలేదు.

రెండవ మెట్టు దగ్గర చిక్కు వచ్చింది. పిల్లికి ఇష్టం కలిగినట్టు గుర్తు గుర్రుమనడం అని బళ్ళారి ఉత్తర్వు. ఇంజను మోతలో గుర్రు వినిపించదు. ఆపితే, ఇంజను నడుస్తుండగా గుర్రుమనాలన్న నిబంధన తప్పుతుంది. మహానంది రెండు నిమిషాలు ఆలోచించి, ఇంజను నడిపి, చటుక్కున ఆపి, మిగిలిన గుర్రును నమోదు చేయాలని తీర్మానించాడు. ఆ బస్సు ఒకసారి ఆగితే హ్యాండిలు తిప్పాలి, హ్యాండిలుకు లొంగకపోతే తోయాలి. ఆ వారమంతా ఆదోని ప్రజలు, పిల్లి లోపల పాలు తాగుతుండగా, బయట బస్సు తోశారు. కోసిగి వైపు నుంచి కూలికి వచ్చిన ఒక ముసలాయన తోసీ తోసీ చెమట తుడుచుకుని అడిగాడు.

"లోపల ఎవరప్పా, కలెక్టరా?"

"కాదు తాతా, పిల్లి."

"సరే," అని మళ్ళీ తోశాడు ముసలాయన. లోపల కలెక్టరున్నా అంతే తోసేవాడు.

మూడవ మెట్టుకు ముందు మహానంది కొత్త కాగితం చూపించాడు. పిల్లి పోబోయే ఇంటి వాసన దానికి అలవాటు కావాలట. అందుకని ఆ ఇంట్లో తయారైన, ఇంకా ఎవరూ కట్టని, ఉతకని కొత్త బట్ట మూడు మూరలకు తగ్గకుండా సీటు మీద పరచాలి.

నరసప్ప ఇంట్లో అటువంటి బట్ట ఒకటే ఉంది.

ఆ సాయంత్రం కత్తెర పట్టుకుని మగ్గం దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. నేసేవాడు సగంలో బట్ట కోయడమంటే చేతులు ఆడవు. శ్రీశైలమ్మ గడపలో నిలబడి చూస్తోంది.

"కొంగు లేని సీర యాడన్నా ఉంటాదా?" అంది.

"పిల్లి రానీ. ఎలుకలు పోతే పడుగు దక్కుతాది. కొంగు మళ్ళీ నేస్తా. ఇంతకంటే బాగ నేస్తా. నా మాట నమ్ము."

"నేస్తావులే," అంది ఆమె. ఆ 'లే' దగ్గర నరసప్ప కత్తెర కింద పెట్టాడు. మళ్ళీ తీసుకుని కోశాడు.

వంగపండు రంగు కొంగు మీద బంగారి కిటికీ పక్కన కూర్చుంది. గాలికి మీసాలు వెనక్కి పోయాయి. ఆ క్షణం నుంచి దానికి ప్రయాణమంటే పిచ్చి పట్టుకుంది. పొలిమేర దాకా పోయి వచ్చింది, దిగనంది. టీ కొట్టు దగ్గర దింపితే పెద్దమనిషిలా చుట్టూ ఒకసారి తిరిగి, హారను మోగకముందే వచ్చి తన సీట్లో కూర్చుంది. లక్ష్మప్పకు సైతం మనసు మారింది. పిల్లి లోపలుంటే బయటి పిల్లులు ఎదురు రావడం మానేశాయని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ముప్పై ఎనిమిదో రోజున సుముఖతా పత్రం మంజూరైంది. మూడు ముద్రలు పడ్డాయి. నరసప్ప దాన్ని ఆ దారిలోని ప్రయాణికులందరికీ చూపించాడు. చదవడం వచ్చినవాళ్ళు చదివి, రానివాళ్ళు ముద్రలు తాకి, బాగుందన్నారు.

బంగారి ఎమ్మిగనూరులో దిగింది. సీటు మీద పరిచిన కొంగు తీయడానికి మాత్రం వేరే అనుమతి కావాలని కండక్టరు తీయనివ్వలేదు. శ్రీశైలమ్మ దిష్టి తీసి లోపలికి తీసుకుపోయింది. పిల్లి మగ్గం చుట్టూ తిరిగింది. పడుగు వాసన చూసింది. మూల నుంచి ఒక ఎలుక బయటికి వచ్చి, ఆగి, పిల్లిని చూసింది. పిల్లి ఎలుకను చూసింది. నరసప్ప ఇద్దరినీ చూశాడు.

అంతలో స్టాండులో హారను మోగింది. బంగారి గుమ్మం దాటి, వీధి దాటి, ఒక్క దూకులో బస్సులో పడింది.

ఆ రోజు మొదలు అది రోజూ రెండు మార్లు ఆదోని పోయి వస్తూనే ఉంది. ఎలుకలు ఏ దరఖాస్తూ పెట్టుకోకుండా, ఎవరి తర్ఫీదూ లేకుండా, వారం తిరిగేసరికి మిగిలిన పడుగును మట్టం చేశాయి. నరసప్ప తన పిల్లిని దింపి, కొంగుతో సహా తనకు ఇప్పించమని మళ్ళీ దరఖాస్తు రాయించాడు. 'ఇష్టపూర్వకంగా ప్రయాణించు ప్రయాణికుని బలవంతంగా దించుటకు నిబంధన లేదు. కనీసం కొంగైనా కావలెనన్నచో, దంపతులిద్దరూ స్వయంగా హాజరై విన్నవించుకోవలెను' అని జవాబు.

దంపతులిద్దరూ బస్సెక్కారు. ఆదోనిలో పత్తి సంత రోజు. నిలబడడానికి కూడా జాగా లేదు. శ్రీశైలమ్మ రెండు చోట్ల అతుకు వేసిన పాత చీర కట్టుకుని, కడ్డీ పట్టుకుని నిలబడింది. ఎదురుగా కిటికీ పక్క సీట్లో, వంగపండు రంగు కొంగు మీద, బంగారి కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ సీటు కాగితం ఉన్నోళ్ళది," అన్నాడు కండక్టరు మర్యాదగానే.

శ్రీశైలమ్మ కొంగునే చూస్తూ నిలబడింది. నరసప్ప తల వంచుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆమె ముందు అంత సిగ్గు అతనికి ఎన్నడూ కలగలేదు.

"తప్పు సేసినాను," అన్నాడు నెమ్మదిగా.

"కొంగు మాత్రం బాగ నేసినావు," అంది ఆమె. ఆ మాటతో ఆమె కళ్ళు నిండాయి.

టీ కొట్టు మలుపు దగ్గర బస్సు కుదుపుకు ఆమె తూలింది. బంగారి కళ్ళు తెరిచి ఆమెను చూసింది. లేచి, ఒళ్ళు విరుచుకుని, కిటికీ వైపుకు జరిగి, జానెడు చోటు వదిలింది. శ్రీశైలమ్మ ఆ జానెడులో, తన కోసం నేసిన గుడ్డ మీద మొదటిసారి కూర్చుంది. అంచును వేళ్ళ మధ్య పట్టుకుని ఆదోని వచ్చేదాకా వదలలేదు. పిల్లి గుర్రుమంటూనే ఉంది. ఇంజను ఆపకపోయినా ఆమెకు వినిపించింది.

కొంగు విషయం విచారణలో ఉన్నదని మహానంది చెప్పి పంపాడు. అనుమతి లేకుండా సీటు పంచుకున్నందుకు పిల్లికి మాత్రం మర్నాడే నోటీసు అందింది.