జయకృష్ణ పెట్టిన టిక్కులు

ఆ రోజు ఉదయం జయకృష్ణ వేసుకున్న లెక్క చాలా తేలిక. తొమ్మిదింటికి లారీ తనిఖీ, పదింటికి వన్ టౌన్‌లో పెయింటు కొనడం, మధ్యాహ్నానికల్లా పూత, నాలుగింటికి ఉయ్యూరు రత్తయ్యగారికి అప్పగింత. మర్నాడు తెల్లారేసరికి ఆ లారీ చెరకు లోడుకు వెళ్లాలి. వేళకు వెళితే ఆటోనగర్‌లో ఇశ్రాయేలు మేస్త్రి షెడ్డులో అతని మూడు నెలల పరీక్ష గట్టెక్కినట్టే. లేకపోతే మళ్లీ హైదరాబాదు, మళ్లీ ల్యాప్‌టాప్.

పదకొండేళ్లు కంపెనీలో అతను చేసిన పని ఒక్కటే. ఎవరో చేసింది చూసి, బాగుందని టిక్కు పెట్టడం. మర్నాడు పైవాళ్లు దాన్ని తీసేసేవాళ్లు. చేత్తో చేసిన పనైతే చేసినచోటే ఉంటుందన్న ఆశతో లారీ బాడీలు కట్టడానికొచ్చాడు. ఇంతవరకూ తుప్పు గీకడంతోనే సరిపోయింది. నాలుగు బొబ్బలు, ఒక నల్లబడ్డ గోరు మిగిలాయి. అయినా బేరం లాభమే అనుకున్నాడు.

"ఇవాళ చెకింగు నువ్వే చెయ్యి బాబూ. చర్చిలో మా మేనకోడలి పెళ్లి. ఏం చెయ్యాలో బసవయ్యకి చెప్పు, చేసేస్తాడు" అని మేస్త్రి వెళ్లిపోయాడు.

జయకృష్ణ లారీ ఎక్కి ప్రతి చెక్కనూ తట్టి చూశాడు. బాగున్నదాని మీదల్లా సుద్దముక్కతో ముచ్చటగా ఒక టిక్కు పెట్టాడు. పుచ్చినవి రెండే. వాటిని మేస్త్రికే చూపిద్దామని వదిలేశాడు. ఆ షెడ్డులో సుద్దముక్క గుర్తు పడిందంటే ఆ చెక్క ఊడదీయాలని అర్థం. ఆ సంగతి అతనికెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందాన్ని ఎవరు మాత్రం చెబుతారు?

వన్ టౌన్‌లో తోపుడుబళ్ల మధ్య ఇరుక్కుని ఉండగా ఫోను మోగింది.

"బాబూ, మీరు గుర్తెట్టినవన్నీనా?" షెడ్డు వడ్రంగి బసవయ్య గొంతు బితుకుబితుకుమంటోంది.

"అన్నీ. ఒక్కోటీ తట్టి చూసి మరీ పెట్టా."

"ఎనక డోరు కూడానా? మొన్నేగదండీ బిగించింది!"

"అదే అన్నిటికన్నా బాగా వచ్చింది. ముందు దాంతోనే మొదలుపెట్టు." పెయింటుకు ముందు దుమ్ము తుడవమని అతని ఉద్దేశం. "మనుషులు చాలకపోతే పక్క షెడ్డోళ్లని పిలువు. నేనొచ్చేసరికి పూర్తవ్వాలి."

"మాకెందుకులెండి, చదువుకున్నోళ్లు" అని బసవయ్య ఫోను పెట్టేశాడు. పక్క షెడ్డు నుంచి నలుగురొచ్చారు.

జయకృష్ణ రెండు పెయింటు డబ్బాలతో దిగేసరికి లారీ అస్థిపంజరంలా నిలబడి ఉంది. దాని మీద ఆ రెండు పుచ్చు చెక్కలు మాత్రం దర్జాగా ఉన్నాయి. పెళ్లి బట్టల్లోనే వచ్చిన మేస్త్రి పాత టైరు మీద కూలబడ్డాడు.

"బాబూ, కంపెనీలో నువ్వేం చేసేవాడివి?"

"క్వాలిటీ చూసేవాణ్ణండీ."

మేస్త్రి లేచి, అతని పక్కకొచ్చి ఆ అస్థిపంజరాన్ని ఎగాదిగా చూశాడు.

ఈలోగా రత్తయ్య కొబ్బరికాయతో ఆటో దిగాడు. నాలుగింటికి రావలసిన మనిషి, సంబరం ఆగక రెండింటికే వచ్చేశాడు.

"ఏవయ్యా ఇశ్రాయేలూ, నా లారీ ఏదీ?"

"ఇదేనండీ."

రత్తయ్య చేతిలోంచి కొబ్బరికాయ జారి లారీ కిందికి దొర్లింది. తీసుకోవడానికి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఓరి నాయనో! ఈ ఛానలు పగిలిపోయి ఉందేంటయ్యా?"

బసవయ్య దూరి చూశాడు. పొద్దుటిదాకా చెక్కల కింద దాగి ఉన్న, లోడంతా మోసే ఇనప ఛానలు ఈ చివర నుంచి ఆ చివరకు చీలి ఉంది.

"దీని మీద లోడేస్తే కరకట్ట మలుపులోనే కాలవలో పడేదండీ!"

"ఇవన్నీ ఊడదీయమంది ఎవరు?" అన్నాడు రత్తయ్య.

ఆరు వేళ్లు ఒక్కసారిగా జయకృష్ణ వైపు లేచాయి.

"తప్పు నాదే..." అని అతను నోరు తెరిచాడు. మేస్త్రి అతని కాలు గట్టిగా తొక్కాడు.

"తప్పేంటి బాబూ, మా డ్రైవరు ప్రాణం కాపాడావు! ఛానలు మార్చి ఎల్లుండి ఇవ్వండి. నా మిగతా రెండు లారీలూ ఈ అబ్బాయే చూడాలి" అన్నాడు రత్తయ్య.

ఆయన ఆటో మలుపు తిరిగాక మేస్త్రి జయకృష్ణ జేబులోంచి సుద్దముక్క తీసి తన జేబులో వేసుకున్నాడు. "రేపు పెందలాడే రా బాబూ. నోటితో చెబుదువుగాని" అన్నాడు.

ఇంటికెళ్లగానే భార్య కీర్తన గుమ్మంలోనే అడిగింది. "ఏమైంది?"

"ఇవాళ కూడా టిక్కులే పెట్టా. పని నిలబడింది."

"మరి టిక్కులు పెట్టినవి?"

"అన్నీ ఊడదీశారు."

"పోన్లే," అంది కీర్తన, "ఇక్కడ మర్నాటిదాకా ఆగలేదు."