మణికట్టుకు పదిహేను నిమిషాలు

"నేటి నుంచి మన ఆసుపత్రిలో ఎంతటి గుండె అయినా సరే, పదిహేను నిమిషాల్లో తేలిపోవాలి! తొడ దగ్గర కాదు, మణికట్టు దగ్గర నుంచే గుండెకు గొట్టం వెళ్లాలి. భద్రత, వేగం మనకు రెండు కళ్లు!" అని ప్రకటించి, సూపరింటెండెంటుగారు గుండె పరీక్షల గదిలో గోడగడియారం తగిలించారు. పన్నెండేళ్లుగా ఆ గదిని నడుపుతున్న పెద్ద సిస్టర్ కూడా చప్పట్లు కొట్టింది. ఎవరు కొట్టలేదో రాసుకునే మనిషి పక్కనే ఉన్నాడు మరి!

వారం తిరక్కుండానే వేగం వచ్చేసింది. గొట్టం గుండె దాకా చేరాకే గడియారం మొదలుపెట్టమన్నారు డాక్టర్లు. ఇంకేం, అందరికీ పది, పదకొండు నిమిషాలే! ఒక్క నిదానం డాక్టరుగారికే నలభై. ఆయన ముందు స్కానింగులో రక్తనాళం ఎంత సన్నమో చూసేవారు. బిగుసుకున్న చేతిని వెచ్చబరిచేవారు. గడియారాన్ని మాత్రం రోగి గదిలోకి అడుగుపెట్టగానే మొదలుపెట్టించేవారు.

"మీరూ అందరిలాగే లెక్కపెట్టించుకోవచ్చుగా సార్?" అంది పెద్ద సిస్టర్.

"గుచ్చించుకునేవాడికి భయం గుమ్మంలోనే మొదలవుతుంది కదమ్మా!"

ఆసుపత్రి పరువు తీస్తున్నారంటూ సూపరింటెండెంటుగారు ఆయన్ని మీటింగులో అందరి ముందూ కడిగేశారు.

ఆ తరువాత నాలుగో రోజున సూపరింటెండెంటుగారికే ఛాతీలో పట్టేసింది. నొప్పి తగ్గినా పరీక్ష తప్పదన్నారు. బల్లమీద పడుకోబెట్టేసరికి చెమటతో తడిసి ముద్దయ్యారు. అందరికన్నా వేగంగా చేసే డాక్టరు గ్లవుజులు తొడుక్కుంటూ, "పది నిమిషాల్లో అవగొట్టేస్తాను సార్!" అన్నాడు.

"నువ్వొద్దు నాయనా!" అని సూపరింటెండెంటుగారు పెద్ద సిస్టర్ చెయ్యి పట్టేసుకున్నారు. "ఆయన్ని పిలువమ్మా... ఆ నిదానంగా చేసే ఆయన్ని!"

నిదానం డాక్టరుగారు వచ్చారు. స్కానింగులో చూస్తే రక్తనాళం మెలి తిరిగి ఉంది. ఇంకాస్త సన్నటి గొట్టం తెప్పించారు.

"తొందరేం లేదు డాక్టరుగారూ, గడియారం వంక చూడకండి," అని బల్లమీంచి బతిమాలుకున్నారు సూపరింటెండెంటుగారు.

నలభై ఎనిమిది నిమిషాలకు పూడిక దొరికింది, తెరుచుకుంది కూడా. చుక్క రక్తం కారలేదు. ఈ మనిషికి ఇప్పటికైనా బుద్ధొచ్చింది అనుకుని పెద్ద సిస్టర్ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు నిదానం డాక్టరుగారికి ఒక కవరు వచ్చింది. ఆయన చదివి పెద్ద సిస్టర్ చేతికిచ్చారు. "నిన్నటి కేసులో పరిమితికి మించి ముప్పై మూడు నిమిషాలు వృథా చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవలెను."

"ఇదెవరి సంతకం సార్? కోడి గీకినట్టుంది!"

"ఆయనదేనమ్మా. కుడి మణికట్టుకు కట్టుంది కదా... పాపం, ఎడంచేత్తో పెట్టుకున్నారు."