ఏడో పాఠానికి జరిగిన సన్మానం

దక్షిణ కొరియాలో, జొంజు నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో పాలనాశాస్త్రం చెప్పే ఆచార్య తాక్ సుంగ్‌మోక్ గారు ఆన్‌లైన్ బోధనకు బద్ధశత్రువు. "తెరకు కళ్లుండవు. శిష్యుడి కళ్లలోకి చూస్తేగానీ చదువు ఎక్కదు" అని ప్రతి సమావేశంలోనూ సెలవిచ్చేవారు. తరగతిలో మాత్రం ఏళ్ల తరబడి కిటికీ వైపు చూస్తూనే పాఠం చెప్పారు. నిద్రపోయేవాళ్లను తేరిపార చూడటం మర్యాద కాదని ఆయన ఉద్దేశం.

అంతటి మహానుభావుడి నెత్తిన ఒక ఉత్తర్వు వచ్చి పడింది. పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలి; విద్యార్థులు చూడని సబ్జెక్టును వచ్చే ఏడాది ఎత్తేస్తారు. తాక్ గారికి ఆ సబ్జెక్టే లోకం. గుండె రాయి చేసుకుని, ఇంట్లో కూర్చుని పాఠాలు రికార్డు చేశారు.

ఏడో పాఠం నాడు ఇంట్లో చలికాలానికి కిమ్చి, అంటే క్యాబేజీ ఊరగాయ, పెడుతున్నారు. అధికార వికేంద్రీకరణ మధ్యలో ఉండగా, మోచేతుల దాకా కారంతో ఆయన శ్రీమతి యంజా తెర మీద ప్రత్యక్షమయ్యారు.

"ఏమండీ, మీరు గోడకు చెప్పే పాఠం ఎక్కడికీ పోదుగానీ, వచ్చి ఈ క్యాబేజీ గంప పట్టండి."

"రికార్డవుతోందే."

"అవనీండి. ఈ ఇంట్లో మీరు పని చేసినట్టు ఒక్క సాక్ష్యమైనా ఉంటుంది."

ఆయన వెళ్లారు. ఖాళీ కుర్చీ కాసేపు పాఠం చెప్పింది. ఆ ముక్కను, పాఠాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే సహాయకురాలు తీసేస్తుందని ఆయన అనుకున్నారు. ఆయనే తీసేసి ఉంటారని ఆమె అనుకుంది. తన పాఠం తాను వినే దురలవాటు తాక్ గారికి లేదు.

సెమిస్టర్ చివర లెక్కలు తేలాయి. ఏ పాఠాన్ని ఎన్నిసార్లు చూశారో చూపే పటంలో ఏడో పాఠం గీత ఆకాశాన్నంటింది. విద్యార్థులు ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి చూశారట. పెద్దలు గీతను చూసి ముగ్ధులయ్యారు. పాఠం చూడాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. సన్మానం ఏర్పాటైంది. తెరకు వెయ్యి కళ్లుంటాయని తాక్ గారు కొత్త సిద్ధాంతం చెప్పారు. "ఏడో పాఠం ఆసాంతం చూశాను. కన్నీళ్లాగలేదు" అన్నారు అధ్యక్షులవారు. తామూ చూశామని ఆచార్యులందరూ తలలూపారు.

వెనక వరసలో ఒక విద్యార్థిని లేచింది. "సార్, ఇంతకీ ఆ కిమ్చి ఎలా కుదిరింది?"

విద్యార్థులు విరగబడి నవ్వారు. తాక్ గారికి గంప గుర్తొచ్చింది. పరువూ పోయింది, సబ్జెక్టూ పోయింది అనుకుంటూ వేదిక వైపు తిరిగారు. ఒక్క పెద్దమనిషి మొహంలోనూ నవ్వు లేదు. డీన్ గారు ప్రశ్నను శ్రద్ధగా రాసుకుంటున్నారు. ఒక్కరూ చూడలేదన్నమాట. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"బాగా కుదిరిందమ్మా," అన్నారు గంభీరంగా. "వికేంద్రీకరణ ఫలితం."

ఆచార్యులందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.