ముత్యం ఆట మొదలుపెట్టాడు

ఆ రోజు వేణుమాధవ్ పెట్టుకున్న పని చిన్నది. ఒక దొంగను పట్టుకోవాలి, ఫస్టు షిఫ్టుకు పోయి మస్టర్‌లో హాజరు వేయించుకోవాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇంత తిని పడుకోవాలి. ఇందులో ఎవరైనా భయపడాల్సిన ముచ్చట ఏదీ లేదు.

దొంగ పేరు ముత్యం. వేణుతో పాటే బొగ్గుబాయిలో పని చేస్తాడు. ఫోన్లో తుపాకుల ఆట ఆడే వేణు టీంలో మెంబరు. ఆదివారం పోటీ ఉంది. టీంతో ఆడేటప్పుడు ముత్యం తుపాకీ ఎటు పట్టుకోవాలో కూడా తెలియనట్టు నిలబడతాడు. అదే ముత్యం పగటిపూట వేరేవాళ్ళతో ఆడితే ఎదురున్నవాడు మిగలడు. అంటే ఏమిటి? వేరే టీంకు అమ్ముడుపోయాడు. వేణు లెక్క అది.

వేణు బీటెక్ చదివి బొగ్గు ఎత్తుతున్నవాడు. ఈ బెల్టులో అట్లాంటి వాళ్ళు గంపెడుమంది. తండ్రి పోశానికి దమ్ము పట్టి బాయి పనికి పనికిరాడని తేలితే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఇంకా పర్మినెంటు కాలేదు. పెద్ద సారు కన్నెర్రజేస్తే చాలు, తండ్రి ఊపిరితిత్తులు అమ్ముకుని సంపాదించిన నౌకరి గాల్లో కలుస్తుంది. చదివిన చదువు పనికి రావాలి కదా అని వేణు ఖాళీ వేళల్లో ఒక టూల్ రాసుకున్నాడు. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర మీద కమాండ్ కొట్టి ఆటగాడి పేరు ఇస్తే వాడు ఎప్పుడు ఆడాడు, ఎవరెవరితో ఆడాడు, గెలిచాడా ఓడాడా, అంతా వరుసగా చెప్తుంది. ఆ పొద్దున దానికి కొత్త పని అప్పజెప్పాడు. ముత్యం ఆట మొదలుపెట్టిన ప్రతిసారీ, గెలిచిన ప్రతిసారీ టీం వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాలి. ఏ గ్రూపు అంటే, జాబితాలో అన్నిటికంటే మీదున్న గ్రూపు. టీం గ్రూపు ఎప్పుడూ మీదనే ఉంటుంది. రాత్రంతా దాంట్లో తిట్టుకుంటూనే ఉంటారు కాబట్టి.

"ల్యాప్‌టాప్ ముట్టకు సంధ్యా, నడుస్తుంటది" అని భార్యకు చెప్పి టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాడు.

సరిగ్గా వేణు గడప దాటగానే, బాయి ఆఫీసరు వీర్రాజు రోజూ లాగే ఉదయించే సూర్యుడి బొమ్మ మీద 'భద్రతే మన కుటుంబం' అని రాసి షిఫ్టు సేఫ్టీ గ్రూపులో పడేశాడు. సేఫ్టీ గ్రూపు ఎక్కి మీద కూర్చుంది. ఆ సంగతి వేణుకు చెప్పేవాళ్ళు లేరు.

లాంపు రూం దగ్గర టోపీకి లైటు తగిలించుకుంటున్న ముత్యాన్ని చూసి వేణు ఆగిపోయాడు.

"ఏందన్నా, నీది సెకండ్ షిఫ్టు గదా?"

"ఎవనికో జెరమొచ్చిందంట. రమ్మన్నరు, వచ్చిన. ఏం, నేను ఫస్టు షిఫ్టుకు వస్తె నీ బొగ్గు తరుగుతదా?"

వేణు ఫోన్ లాంపు రూంలో ఇచ్చేశాడు. లోపలికి ఫోన్ పట్టుకుపోతే ఉద్యోగం ఊడినట్టే. బీడీ, అగ్గిపెట్టె, ఫోన్ మూడూ బాయిలో ఒకటే జాతి. నిప్పురవ్వ లేస్తే లోపలి గాలి అంటుకుంటుంది. అంటుకుంటే ఒక్కడు పోడు, షిఫ్టు మొత్తం పోతుంది. ముత్యం అయితే ఫోన్ ఇంట్లోనే వదిలి వచ్చానన్నాడు. ఇయ్యాల దొంగ దొరకడులే అనుకుని వేణు బాయి దిగాడు.

పని మొదలై కాసేపయింది. పైకి మాట్లాడే లోపలి వైరు ఫోను దగ్గర నుంచి, షిఫ్టు పని చూసే సర్దార్ ఆగయ్య ఉరికొచ్చాడు. ముప్పై ఏళ్ళుగా బాయిలో ఉన్న మనిషి, బండ మీదపడినా ఉరకడు. అట్లాంటివాడు ఉరికితే అందరి చేతుల్లో తట్టలు ఆగిపోయాయి.

"ముత్యం, నీ తాన ఫోనున్నదారా?"

"నా తానేడిది కాకా?"

"మీద సేఫ్టీ గ్రూపుల మెసేజ్ పడ్డదంట. 'ముత్యం ఆట మొదలుపెట్టాడు' అని. సారు అగ్గిలెక్క ఉన్నడు."

వేణు పార దించాడు. ఆ వాక్యం అతను రాసిందే. అక్షరం పొల్లుపోలేదు. టీం గ్రూపుకు పోవాల్సింది సేఫ్టీ గ్రూపుకు ఎట్ల పోయిందో బుర్ర తిరిగేంత ఆలోచించాడు. తిరిగింది కానీ జవాబు రాలేదు. ఆపాలంటే ఇంట్లో ల్యాప్‌టాప్ ముయ్యాలి. ముయ్యాలంటే సంధ్యకు ఫోన్ చెయ్యాలి. ఫోన్ లాంపు రూంలో ఉంది. ఫోన్ల గురించి ఇంత రచ్చ జరుగుతున్న ఈ భూమండలంలో తన దగ్గర ఫోన్ లేని మనిషి వేణు ఒక్కడే అనిపించింది.

లోపలి ఫోను మళ్ళీ మోగింది. ఆగయ్య విని, ముత్యం వైపు తిరిగి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"'ముత్యం గెలిచాడు' అని వచ్చిందంట."

అందరి టోపీ లైట్లూ ఒక్కసారి ముత్యం మీద పడ్డాయి. ముత్యం రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఒక చేతిలో పార ఉంది. గెలిచినవాడి ముఖం మాత్రం కాదు.

"నా ముందల్నే ఉన్నడు" అన్నాడు ఆగయ్య గొంతు తగ్గించి. "మీదనేమో ఆడుతున్నడంట. గా మూసేసిన పాత గల్లీలకెల్లి పొద్దున సప్పుడైంది. నేను ఎవ్వలకు చెప్పలే."

ఆ మాటతో పని ఆగిపోయింది. మూసేసిన ఆ సొరంగంలో ఎప్పుడో పోయిన మనుషుల పేర్లు ఒకరిద్దరు నోట్లోనే గొణిగారు. చీకట్లో నీటిచుక్క పడిన చప్పుడుకు కూడా మెడలు తిరుగుతున్నాయి. దయ్యం కాదని తెలిసినవాడు వేణు ఒక్కడే. చెప్తే నౌకరి పోతుంది. చెప్పకపోతే ముత్యం నౌకరి పోతుంది. చివరికి పిరికివాడికి తోచే ఉపాయం ఒకటి పట్టుకున్నాడు.

"కాకా, మీదికి ఒక్క మాట చెప్పవా. ఇస్త్రీపెట్టె బంద్ చేసుడు మర్సిపోయి వచ్చిన. ఇంట్ల కరెంటు మెయిన్ ఆఫ్ చెయ్యమని సంధ్యకు ఫోన్ చెయ్యమను."

"గిప్పుడు నీకు ఇస్త్రీ యాదికొచ్చిందారా?" అన్నాడు ఆగయ్య. కానీ చెప్పాడు.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుందన్న సంగతి, నెట్ డాంగుల్ దానికే గుచ్చి ఉందన్న సంగతి, కంప్యూటర్లు చదివిన ఆ బీటెక్ మేధావికి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంతలో వీర్రాజు నలుగురిని వెంటేసుకుని దిగాడు. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన ఆఫీసరు. మనిషి కంటే గొంతు ముందు వస్తుంది.

"ఎవడయ్యా అది? బాయిలో కూర్చుని ఆటలా? అందరి ప్రాణాలూ తీద్దామనా? తీయండి, జేబులు తీయండి."

బట్టలు దులిపించారు, బూట్లు విప్పించారు, టిఫిన్ డబ్బాల మూతలు తీయించారు. దొరికినవి చూస్తే, తంబాకు పొట్లాలు, ఒకడి జేబులో పెళ్ళానికి తెలియకుండా కొన్న కాళ్ళపట్టీలు, ఆగయ్య తువ్వాలు మడతలో జిలేబీ. ఆగయ్యకు షుగరుంది. ఫోన్ మాత్రం లేదు. వీర్రాజు ముత్యాన్ని గోడకు నిలబెట్టి సోదా చేయిస్తుండగా లోపలి ఫోను మళ్ళీ మోగింది. మళ్ళీ ఆట మొదలైందట.

"నా ఎదురుగా నిలబడి ఎలా ఆడుతున్నావయ్యా?"

"నేనే ఆడుతున్నట్టుంటే నాకు చెప్పుండ్రి సారు" అన్నాడు ముత్యం ఏడుపు గొంతుతో. "నాకు గూడ ఎరుకైతది."

"అందరూ పైకి నడవండి. పైన తేలుస్తా."

పైన తేల్చడానికి అప్పటికే ఊరు దిగింది.

జరిగింది ఏమిటంటే, సంధ్య మెయిన్ ఆఫ్ చేసి, మామకు ఫోన్ చేసి, "బాయిలకెల్లి కబురొచ్చింది మామా, కరెంటు బంద్ చెయ్యమన్నడంట" అంది. పోశం పాత బాయి మనిషి. షిఫ్టు నడుమ లోపల నుంచి ఇంటికి కబురు రావడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఆయన సర్వీసులో అట్లాంటి కబురు మూడిళ్ళకు వచ్చింది. మూడిళ్ళల్లోనూ శవానికి చాప పరిచారు. ఇస్త్రీపెట్టె మాట ఆయన చెవికెక్కనే లేదు. దమ్ముతో రొప్పుతూ వాకిట్లోకి వచ్చి, "బాయిల ఏదో అయింది" అన్నాడు. ఆ ఒక్క మాట క్వార్టర్ల లైను దాటి, కాలనీ దాటి, షేర్ ఆటోలెక్కి బాయి మీదికి చేరింది. పొయ్యి మీద అన్నం వదిలి ఆడవాళ్ళు ఉరికారు. సంధ్య ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని ఉరికింది. చీకటి గదిలో దాని తెర మీద ముత్యం పేరు పదే పదే పడుతుంటే, ముత్యానికీ తన మనిషికీ కలిపే ఏదో అయిందనుకుంది.

వెలుగులోకి వచ్చిన వేణుకు మొదట కనపడింది తండ్రి. ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని, భుజం తడిమి, మళ్ళీ చెయ్యి పట్టుకున్నాడు.  ఊపిరి కోసం నోరు తెరిచి నిలబడ్డాడు. వేణు తలెత్తలేకపోయాడు.

గుంపును చీల్చుకుంటూ ముత్యం తల్లి సారవ్వ వచ్చి కొడుకును వాటేసుకుంది. ఆమె చేతిలో ఫోన్ ఉంది. ఫోన్లో తుపాకులు పేలుతున్నాయి.

"అవ్వా, గదేంది?" అన్నాడు ముత్యం.

"నీ ఫోనే. నువ్వు పండుకున్నా, డ్యూటీకి పోయినా ఊకె పడి ఉంటది గదా, ఆడుత. నీకు చాతనైతలేదు, నేను ఆడితె తప్పా? నడుమల ఇడిసి వచ్చిన, టీమోల్లు తిడుతున్నరు."

దొంగ దొరికింది. మోకాళ్ళ నొప్పులతో మూలకు పడిందని కొడుకు ఊరందరికీ చెప్పుకునే మనిషి. ఎవరో నవ్వారు. ఆ నవ్వు మీద వీర్రాజు గొంతు పడింది.

"ఆగండి. ఈ మెసేజులు పెట్టిందెవరు? ముత్యం పేరు చూసి దిగిపోయాను, ఏ నంబరు నుంచి వచ్చిందో ఇప్పుడు చూస్తున్నా. వేణుమాధవ్, నీ నంబరే కదా? షిఫ్టు ఆపించావు, ప్రొడక్షన్ పోగొట్టావు, ఊరంతా బాయి మీద పడింది. నీకింకా పర్మినెంటు కూడా కాలేదు. సాయంత్రానికి చార్జిషీటు నీ చేతిలో ఉంటుంది, చూసుకో."

పోశం చెయ్యి కొడుకు చెయ్యిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "సారు" అని మొదలుపెట్టాడు కానీ దగ్గు ఆ మాటను మింగేసింది.

సంధ్య ముందుకొచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది. "ఇండ్ల ఉన్నది అబద్ధం గాదు సారు. ఆడిన ఆటలే ఉన్నయి. చూడుండ్రి."

"చదువమ్మా. అందరి ముందూ చదువు. సాక్ష్యం కావాలి కదా నాకు."

సంధ్య చదివింది. నిన్న పొద్దున పదింటికి ముత్యం పేరు మీద ఆట. ఆ ఆటలో ఉన్నవాళ్ళు ఎవరెవరంటే, అని వరుసగా పేర్లు చదువుతూ పోయింది. మూడో పేరు దగ్గర తడబడింది. "వీర్రాజు కాకినాడ."

"గీ పోరడు నాకెరుకే" అంది సారవ్వ. "ఊకె గోడ సాటుకు దాక్కుంటడు. రోజు పొద్దున వస్తడు, రెండుసార్లన్న నా చేతుల సస్తడు."

నవ్వుదామని నోళ్ళు తెరిచినవాళ్ళు ఆగయ్య ముఖం చూసి ఆగారు. ఆయన నెమ్మదిగా అన్నాడు:

"నిన్న పదింటికి సారు బాయి దిగి మూడో లెవెల్ల కప్పు చూసొచ్చిన అన్నరు. బండ వదులుగ లేదు, పని చేసుకోండ్రి అన్నరు. ఇయ్యాల పొద్దటి సంది మేమందరం దాని కిందనే ఉన్నం."

 పొద్దుటి నుంచి నౌకరి పోతుందని భయపడ్డ వేణుకు అప్పుడు వేరే భయం పుట్టింది. తను పార పట్టుకుని నిలబడిన చోటు గుర్తొచ్చింది. తల మీద నాలుగడుగుల ఎత్తున ఉన్న బండ గుర్తొచ్చింది. దాన్ని చూసొచ్చానన్నవాడు నిన్న ఆ పూట గోడ చాటున దాక్కుని ముసలమ్మ చేతిలో చస్తున్నాడు.

వీర్రాజు జేబురుమాలు తీశాడు. "అదీ... ఆ అకౌంటు నాది కాదు. మా అమ్మ ఆడి ఉంటుంది."

"అమ్మ పేరేంది సారు?" అడిగాడు పోశం, దగ్గు ఆపుకుని.

"మాణిక్యాంబ."

"గామెకు చెప్పు బిడ్డా" అంది సారవ్వ జాలిగా. "గోడ సాటుకు ఉంటె బతుకుతమనుకుంటది. బతకదు."

సాయంత్రం చార్జిషీటు రాలేదు. వస్తే దానికి సాక్ష్యం జత చెయ్యాలి, సాక్ష్యంలో కాకినాడ ఉంది. సెకండ్ షిఫ్టు దిగకముందే మూడో లెవెల్ కప్పుకు బోల్టులు బిగించారు. బిగించేటప్పుడు ఒక పెద్ద బండ ఊడి కిందపడింది. కింద ఎవరూ లేరు. 

మర్నాడు పొద్దున నోటీసు బోర్డు మీద వీర్రాజు సంతకంతో కొత్త ఆర్డరు పడింది: డ్యూటీ వేళల్లో ఉద్యోగుల తల్లులు ఆన్‌లైన్ ఆటలు ఆడరాదు.