కొండ ఆలివ్‌కు పిల్లనిచ్చిన వైనం

ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో ఒక పరిశోధనా తోటలో నిరుడు మార్చిలో మా తెలుగు సంఘం ఒక ఆలివ్ చెట్టుకు పెళ్ళి చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వధువు స్పెయిన్ నుంచి వచ్చిన పెద్దింటి చెట్టు. వరుడు ఇక్కడి కొండల్లో రాళ్ళ మధ్య పెరిగిన అడవి ఆలివ్. పెళ్ళిపెద్ద తోట శాస్త్రవేత్త సత్యప్రసాద్ గారు, అమలాపురం వాస్తవ్యులు.

ఈ సంబంధం ఊరికే కుదరలేదు. తోటలోని చెట్లన్నీ ఒకే తల్లి చెట్టు కొమ్మలు నాటి పెంచినవే. తెగులు రాగానే అవి వంశగౌరవం నిలబెడుతూ కలిసికట్టుగా ఎండిపోయాయి. బతికి బట్టకట్టింది ఈ వధువొక్కతే. కొండ ఆలివ్‌కు మాత్రం ఆకు కూడా వాడలేదు.

ఫోన్లో సన్నాయి మోగుతుండగా నర్సరీ సూపర్‌వైజర్ మల్లేశ్ నిచ్చెనెక్కి వరుడి పుప్పొడిని వధువు పూలకు అద్దాడు. పరాయి పుప్పొడి సోకకుండా కాగితపు సంచులు కట్టాడు. మేం అక్షింతలు వేశాం.

"మిత్రులారా! ఒకే రక్తంలో ముడి పెట్టుకుంటూ పోతే ఏ జాతైనా నశిస్తుంది. దూరపు రక్తం కలవాలి! ఈ తోటలో కులం లేదు, గోత్రం లేదు!" అని సత్యప్రసాద్ గారు గర్జించారు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయన కూతురు దేవి. వెళ్ళి మల్లేశ్ పక్కన నిలబడింది.

"నాన్నా, అయితే మా పెళ్ళికీ ఒప్పుకున్నట్టేగా?"

"చెట్లు వేరమ్మా! చెట్లకి చుట్టాలుండరు. మీ మేనమామకి నేనేం చెప్పుకోను?"

"కొండ చెట్టుకు పిల్లనిచ్చిండ్రు గద సార్, జగిత్యాలోనికి ఇయ్యరా?" అన్నాడు మల్లేశ్.

"ఖలాస్!" అన్నారు సత్యప్రసాద్ గారు.

అత్యవసరంగా సమావేశమైన మా సంఘం, జన్యువైవిధ్యం తోట ప్రహరీ లోపలికే వర్తిస్తుందని ఏకగ్రీవంగా తీర్మానించింది. దేవి ఫోనును సత్యప్రసాద్ గారు పుప్పొడి సంచిలో వేసి మూతి కట్టేశారు. దేవి అన్నం మానేసింది. కూతురికి పోటీగా తల్లి మంగాదేవి కూడా మానేసింది. ఎవరి ఆకలి నెగ్గిందో మీకు తెలుసు.

రిటర్న్ గిఫ్టులు కావాలి గనక కొండ ఆలివ్ సంతానం మొలకెత్తేదాకా ముహూర్తం ఆపి, షార్జాలో మేనబావ వాసుతో దేవి పెళ్ళి చేశాం. హాల్లో నిప్పు నిషేధం కాబట్టి హోమగుండంలో బ్యాటరీ దీపాలు వెలిగించాం. దేవి కళ్ళు ధారలు కట్టాయి. పొగవల్లేనని పెద్దలం నిర్ధారించాం. నేను ఏదో అనబోయాను గానీ, అప్పటికే విస్తళ్ళు వేస్తున్నారు. గుమ్మం దగ్గర తలా ఒక మొక్క చేతిలో పెట్టింది మల్లేశే.

నా మొక్క బాల్కనీలో ఏ తెగులూ లేకుండా ఏపుగా పెరుగుతోంది. దాని పక్కన కూర్చునే ఇది రాస్తున్నాను. అన్నట్టు, మా అబ్బాయికి సంబంధాలు చూస్తున్నాం. మనవాళ్ళయితేనే ఫోన్ చేయండి. మనవాళ్ళంటే ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.