సోర్‌కుదుక్ జంక్షన్: సగం గిన్నె చరిత్ర

సోర్‌కుదుక్ జనాభా నూట అరవై మూడు. వీరిలో ఒక్కరు కూడా ఇక్కడ ఉండిపోవాలని వచ్చినవారు కారని, ఇక్కడే పుట్టినవారి తాతలదీ అదే కథ అని సవినయంగా మనవి చేస్తున్నాను. ఒక్కరు తప్ప అందరూ రైలు మారడానికి దిగినవారే.

కజకుల గడ్డి మైదానం నడిమధ్య రెండు రైలు మార్గాలను ఎందుకు కలిపారో రికార్డుల్లో లేదు. కలిపారు, జంక్షన్ అని బోర్డు పెట్టారు, వెళ్లిపోయారు. ఒక బండికీ ఇంకో బండికీ మధ్య పదకొండు నిమిషాలు. మనిషిని టీ ఇవ్వకుండా పంపడం మా కజకులకు చేతకాదు. అదీ గిన్నెలో సగమే పోయాలి. సగం పోస్తే ‘ఉండండి, ఇంకా పోస్తాం’ అని. నిండా పోస్తే ‘ఇక దయచేయండి’ అని. నిండా పోసేంత కుసంస్కారం ఇక్కడెవరికీ లేకపోవడంతో రైళ్లు వెళ్లిపోయాయి, జనం మిగిలిపోయారు. ఊరి స్థాపన అంటే ఇదే.

అలా మిగిలినవారిలో ఒక పళ్ల డాక్టరుగారు గొర్రెలు కాస్తున్నారు. పెళ్లికని బయలుదేరిన వరుడొకాయన ఇక్కడే పెళ్లి చేసుకున్నాడు. అవతలివాళ్లు చాలాకాలం ఎదురుచూశారని వినికిడి.

ఇంతటి ఘనచరిత్ర గల జంక్షన్‌ను ఎత్తేయాలని పెద్దాఫీసు నిర్ణయించింది. ఇక్కడ దిగేవారే తప్ప ఎక్కేవారు లేరట. రైలు ఆగకపోతే పిండి రాదు, మందులు రావు, ఊరే ఉండదు. మూసివేత ఉత్తర్వు పట్టుకుని ఒక అధికారి దిగాడు. దాని మీద ఆయన సంతకం ఒక్కటే తక్కువ.

స్టేషన్ పక్క మొదటి ఇల్లు జిబాగుల్ ఆపాది. ఆపా అంటే అవ్వ; ఊరందరికీ పెద్దదిక్కు. ఆవిడే అడ్డం నిలబడింది.

“ఊరు మూసేవాడివి, గొంతు తడుపుకోకుండా మూస్తావా నాయనా?”

“పదకొండు నిమిషాలే ఉందమ్మా.”

“మాట్లాడ్డానికే ఒకటి పోగొట్టావు. కూర్చో.”

సగం పోసింది. మళ్లీ సగం. పెద్దలు పోస్తుంటే లేచిపోయే పెంపకం కాదు పాపం ఆ అధికారిది. బండి కూత వేసి వెళ్లిపోయింది.

“రేపూ వస్తుందిలే” అంది ఆపా, ఇంకో సగం పోస్తూ.

ఆ అధికారిని నేనే. వచ్చి పందొమ్మిదేళ్లయింది. సంతకం పడలేదు కనుక రైలు ఆగుతూనే ఉంది. దాచుకోవడమెందుకు, ఇంత సుఖం నేనెన్నడూ ఎరగను. భయమల్లా ఒకటే, నా కుర్చీ ఖాళీ అని తెలిసి ఇంకొకరిని పంపుతారేమోనని.

మొన్న పెద్దాఫీసు కవరు రానే వచ్చింది. ఊరంతా గుమిగూడింది. ఆపా కెటిల్ పట్టుకునే వచ్చింది. విప్పి, గట్టిగా చదివాను.

తనిఖీ శాఖలో పందొమ్మిదేళ్లుగా ఒక్క తప్పూ చేయని ఏకైక అధికారిని నేనేనట. మిగతావారంతా నన్ను చూసి నేర్చుకోవాలట. పతకం ఇవ్వడానికి శాఖాధిపతిగారే స్వయంగా గురువారం బండిలో వస్తున్నారట.

“ఆ ఉత్తర్వు సంగతి అడుగుతాడేమోరా” అంది ఆపా.

“పదకొండు నిమిషాలు మాత్రమే ఉంటారని రాశారు.”

“అలాగా” అంది ఆపా, కెటిల్ కింద పెట్టి. “అయితే ఆయనకి గొర్రెలు కాయడం వచ్చో రాదో కనుక్కో.”